నారింజరంగు పుస్తకము: అపాయకర పదార్థముల వర్గీకరణపై విమర్శ

రహదారిపై పోవు పెట్రోలు ట్యాంకరుపై ఒక పలక ఉండును. అందులో ఒక మూలపై నిలిపిన ఎఱ్ఱని చతురస్రము, దానిలో మంట బొమ్మ, అడుగున 3 అను అంకె, ప్రక్కన 1203 అను సంఖ్య కనబడును. ప్రమాదము జరిగినచో ఎవరికి టెలిఫోను చేయవలెనో కూడ అందే వ్రాసియుండును. ఈ పలక భారతదేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమముల వలన వచ్చినది. కాని 3, 1203 అను అంకెలు ఢిల్లీలో పుట్టినవి కావు. విశాఖపట్నపు రేవులో పెట్రోలు 1203. సింగపూరు రేవులోను, రొటర్‌డామ్ రేవులోను అది 1203 యే. భాష తెలియని ఊరిలో సయితము సరకు పేరు తెలుపగల సంఖ్య యిది.

ఆ సంఖ్యలకు జన్మస్థానము ఒక పుస్తకము. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సాంఘిక మండలి నియమించిన నిపుణుల సంఘము దీనిని కూర్చినది. ‘అపాయకరమైన సరకుల రవాణాను గూర్చిన సిఫారసులు’ అని దాని పేరు. అట్ట నారింజరంగున ఉండుటచే లోకమున ‘ఆరెంజ్ బుక్’ అని వాడుక. తొలి కూర్పు 1956లో వెలువడినది. రెండేండ్ల కొకసారి సవరింపబడుచు ఇప్పటికి రెండు సంపుటములైనది. పేరునకు ఇవి సిఫారసులు మాత్రమే, శాసనములు కావు. అయినను ఓడలకు, విమానములకు, ఐరోపా రహదారులకు గల నియమావళు లన్నియు తరగతులను, సంఖ్యలను దీని నుండియే గైకొనుచున్నవి. ఇంత పలుకుబడి గల పుస్తకమును సరకు పంపువారును, న్యాయవాదులును తప్ప మరెవ్వరును చదువరు. రసాయనశాస్త్రము బోధించువారు దీనిని ఒకసారి చూడదగును. ఇందు గొప్ప ఆలోచన ఒకటి యున్నది. ఆ ఆలోచన ఆగిపోయిన చోటులును ఉన్నవి. ఆ చోటులలో మనుష్యులు మరణించిరి.

ముందు గొప్పతనమును చూడవలెను. పాఠ్యగ్రంథములు పదార్థములను నిర్మాణమునుబట్టి విభజించును: ఆమ్లములు, క్షారములు, లవణములు, హైడ్రోకార్బనులు. ఈ పుస్తకము ఆ త్రోవ త్రొక్కలేదు. ఇది అడుగు ప్రశ్న వేరు. ఈ వస్తువు, ఈ స్థితిలో, దారిలో ఒలికినను, వేడెక్కినను, తడిసినను మొదట చేయు కీడేమి? సమాధానమునుబట్టి తరగతి. పిక్రికామ్లమును ఉదాహరణముగా తీసికొందురు గాక. అది పొడిగా నున్నను, బరువున 30 శాతమునకు తక్కువ నీటితో నున్నను 1వ తరగతికి చెందిన పేలుడు పదార్థము, సంఖ్య 0154. అందు 30 శాతముగాని అంతకు మించిగాని నీరున్నచో 4.1, అనగా మండెడి ఘనపదార్థము, సంఖ్య 1344. అణువు మారలేదు, సీసాలోని నీరు మారినది. మూత వదులై ఏండ్ల తరబడి బీరువాలో ఎండిపోయిన పిక్రికామ్లపు సీసాను చూచి అనుభవజ్ఞులు ఎందుకు చేయి వెనుకకు తీసికొందురో ఈ రెండు సంఖ్యలు చెప్పును. కర్బనము సంగతియు ఇంతే. వజ్రమునకు ఏ తరగతియు లేదు. ఉత్తేజిత బొగ్గు 4.2, అనగా తనంతట వేడెక్కి అంటుకొనునది. బొగ్గుపులుసు వాయువు సిలిండరులో ఉన్నచో 2వ తరగతి. మంచుగడ్డగా ఉన్నచో 9వ తరగతి.

తరగతులు తొమ్మిది. పేలుడు పదార్థములు ఒకటవది, వాయువులు రెండవది, మండెడి ద్రవములు మూడవది. నాల్గవ దానిలో మూడు భాగములు: మండెడి ఘనములు, తమంతట అంటుకొనునవి, నీరు తగిలినచో మండెడి వాయువు నిచ్చునవి. ఐదవ దానిలో ఆక్సీకరణులు, సేంద్రియ పెరాక్సైడులు, ఆరవ దానిలో విషములు, రోగకారకములు, ఏడవది రేడియోధార్మికములు, ఎనిమిదవది చర్మమును, లోహమును తినివేయునవి, వీటిలో చేరక మిగిలినది తొమ్మిదవది. అంకె పెరిగినకొలది అపాయము పెరుగుననిగాని, తగ్గుననిగాని విద్యార్థులు తలంపరాదు. ఆ వరుసకును తీవ్రతకును సంబంధము లేదని పుస్తకమే స్పష్టముగా చెప్పుచున్నది. ఒక పదార్థమునకు రెండు మూడు కీడులున్నచో ప్రధానమైనదానితో పాటు అనుబంధ అపాయమును కూడ వ్రాయవలెను. గాఢ ఎసిటికామ్లము 8, దానికి అనుబంధము 3, తినివేయును, మండును. బ్రోమీనునకు 8, అనుబంధము 6.1.

ఉన్నత పాఠశాలల ప్రయోగశాలలలో సీసాలను ఇంగ్లీషు అక్షరక్రమమున పేర్చు అలవాటు ఇంకను కొన్నిచోట్ల పోలేదు. ఆ క్రమమున ఎసిటికామ్లము, ఎసిటోను, అమ్మోనియం నైట్రేటు ఒకే అరలో ఇరుగుపొరుగు లగును. ఈ పుస్తకపు కంటితో చూచినచో ఆ అరలో ఉన్నవి మండగల ఆమ్లము, మండు ద్రవము, ఆ రెండింటికిని ప్రాణవాయువు నందీయగల లవణము. అక్షరములకు అగ్నిగుణము తెలియదు. కాగితము, పెన్సిలు తీసికొని సీసాల తరగతులను వ్రాయించి అరలను తిరిగి సర్దించుట ఒక పూటలో కాదగిన పని. పాఠ్యప్రణాళికలో లేకున్నను చాలా ప్రయోగములకంటె ఉపయుక్తము.

తీవ్రతను తెలుపుటకు పుస్తకమున ప్యాకింగు వర్గములు మూడు కలవు. మొదటిది మిక్కిలి అపాయము, రెండవది మధ్యమము, మూడవది స్వల్పము. మండెడి ద్రవములకు హద్దులు ఉష్ణమాపకముతో గీచినవి. 35 సెంటిగ్రేడు డిగ్రీలలోపుననే మరుగునది మొదటి వర్గము, ఈథరు 34.6 వద్ద మరుగును గనుక అందు చేరినది. అంతకు పైన మరుగుచు, 23 డిగ్రీలకు లోపుననే ఆవిరికి నిప్పంటునది రెండవ వర్గము; పెట్రోలు ఇట్టిది. 23 మొదలు 60 వరకు మూడవ వర్గము, కిరోసిను ఇందున్నది. 60 దాటినవి సాధారణముగా మూడవ తరగతిలోనికే రావు. ఈ హద్దులు ఏ దేశపు ఎండను చూచి గీచినవో కాని, వైశాఖమాసమున విజయవాడలోనో, రామగుండములోనో నిలిపియుంచిన లారీకి ఇవి సరిపడవు. 32 డిగ్రీల వద్ద ఆవిరికి నిప్పంటు ద్రవము ఉత్తర ఐరోపాలో సంవత్సరములో చాలా భాగము చల్లగా పడియుండును. ఇక్కడ మార్చి నుండి జూను వరకు పట్టపగలెల్ల అది నిప్పునకు సిద్ధముగా ఉండును. కాగితముపై అది స్వల్పాపాయముగల మూడవ వర్గమే.

హద్దులు గీచుటలో ఈ పుస్తకము మొరటుగా నున్నదని తలంపరాదు. కొన్నిచోట్ల అది చూపిన వివేకము ప్రశంసనీయము. 4.2 విభాగమునకు చేయు పరీక్షను చూడవలెను. పొడి పదార్థమును 10 సెంటిమీటర్ల భుజముగల తీగవల ఘనములో నింపి, 140 డిగ్రీల పొయ్యిలో 24 గంటలు ఉంచుదురు. ఏ లారీయు 140 డిగ్రీలు వేడెక్కదు గదా, ఈ పరీక్ష ఎందులకని విద్యార్థి అడుగవచ్చును. ఆధారముగా తీసికొన్నది కట్టెబొగ్గు. 27 ఘనమీటర్ల బొగ్గు రాశి, అనగా మూడు మీటర్ల భుజముగల ఘనము, 50 డిగ్రీల వద్దనే తనంతట అంటుకొనును. చిన్న ఘనమునుండి పెద్ద ఘనమునకు పోయినప్పుడు భుజము 30 రెట్లు, ఉపరితలము 900 రెట్లు, ఘనపరిమాణము 27,000 రెట్లు పెరుగును. వేడి పుట్టునది పరిమాణమంతటను. బయటకు పోవునది ఉపరితలము గుండ మాత్రమే. రాశి పెరిగినకొలది వేడికి దారి ఇరుకగును. అందుచేత చిన్న ఘనమును 140 డిగ్రీల వద్ద పరీక్షించుట, పెద్ద రాశిని 50 డిగ్రీల వద్ద పరీక్షించుటకు బదులు. ఎంత అను ప్రశ్నకు పుస్తకము ఇచ్చట విజ్ఞానశాస్త్రోచితమైన సమాధానము చెప్పినది.

అదే ప్రశ్న 5.1 విభాగమునకు వచ్చునప్పటికి మరుగుపడినది. ఘన ఆక్సీకరణులను పరీక్షించు విధమిది: పదార్థమును సెల్యులోజుతో కలిపి, 30 గ్రాముల మిశ్రమమును శంకువువలె కుప్పపోసి, కాలుచున్న తీగతో అంటించి, అది మండు వేగమును తెలిసిన మిశ్రమముతో, ఉదాహరణకు పొటాషియం బ్రోమేటు మిశ్రమముతో పోల్చుదురు. పదార్థము ఇతర వస్తువులను ఎంతగా మండించునో దీనివలన తెలియును. రాశి పెద్దదైనచో తానే ఏమగునో తెలియదు. ఈ లోపము ఎంత బరువైనదో తెలియుటకు అమ్మోనియం నైట్రేటు చరిత్ర చాలును.

1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో గ్రాండ్‌కాంప్ అను ఓడ నిలిచియుండెను. కాగితపు సంచులలో సుమారు 2,100 టన్నుల అమ్మోనియం నైట్రేటు, ఎరువు నిమిత్తము, అందులో ఎక్కించిరి. ఉదయమున ఓడ అడుగుగదిలో పొగ కనబడినది. నీరు పోసినచో సరకు పాడగునని తలుపులు బిగించి, లోనికి ఆవిరి పంపిరి. గాలి అందకపోయినచో మంట ఆరునని వారి నమ్మకము. కట్టెకు, ప్రత్తికి అది నిజమే. తన అణువులోనే ప్రాణవాయువును మోయు లవణమునకు గాలితో పనిలేదు. ఆవిరి దానిని మరింత వేడెక్కించినది. తొమ్మిది గంటలు దాటిన కొద్దిసేపటికి ఓడ పేలినది. మరునాటి తెల్లవారుజామున ప్రక్కనే ఉన్న హైఫ్లైయర్ అను ఓడయు పేలినది. అందు అదే లవణముతో పాటు గంధకము కూడ నింపియుండిరి. ఈ రెండు ప్రేలుళ్లలో 580 మందికి పైగా మరణించిరి. ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళము దాదాపు తుడిచిపెట్టుకొని పోయినది.

నారింజరంగు పుస్తకము అప్పటికింకను పుట్టలేదు. పుట్టిన పిమ్మట అది అమ్మోనియం నైట్రేటును 5.1లో చేర్చి, వృత్తముపై మంట బొమ్మగల పసుపు పచ్చని లేబులు నిచ్చినది. ఆ బొమ్మ తెలిసినవారికి రెండు సంగతులు తక్షణమే స్ఫురించును: గాలి మూసివేయుట వ్యర్థము, గంధకము వంటి మండెడి పదార్థమును దరిచేర్చుట ప్రమాదము. టెక్సస్ సిటీలో జరిగిన రెండు తప్పిదములను ఒక్క లేబులు చెప్పగలిగినది. ఇంతవరకు అది జయమే.

ఇక లోపము. అమ్మోనియం నైట్రేటు సంఖ్య 1942. అందు మండెడి మలినము 0.2 శాతమును మించరాదని షరతు. తరగతి 5.1, ప్యాకింగు వర్గము మూడు, అనగా స్వల్పాపాయము. మలినము మించినచో సంఖ్య 0222 అయి, అది 1వ తరగతిలోనికి పోవును. మలినమును ఇంత జాగ్రత్తగా గమనించిన పుస్తకము రాశి పరిమాణమును గూర్చి తరగతిలో మౌనము వహించినది. ప్రేలుడు పదార్థపు గుణమొకటి విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. ప్రేలుడు తరంగము నిలిచి సాగుటకు పదార్థపు కడ్డీకి కొంత కనీసపు మందము ఉండవలెను. అంతకంటె సన్ననిదైనచో తరంగపు శక్తి ప్రక్కలకు పోయి మధ్యలోనే ఆరిపోవును. టి.ఎన్.టి.కి ఆ మందము స్వల్పము. అమ్మోనియం నైట్రేటునకు చాలా ఎక్కువ. కావున కొద్దిపాటి రాశిలో అది సాధువువలె కనబడును. 1921లో జర్మనీలోని ఒప్పావు కర్మాగారమున గట్టిపడిన అమ్మోనియం సల్ఫేటు నైట్రేటు గుట్టను డైనమైటుతో వదులు చేయుచుండిరి. అంతకుముందు వేలకొలది మారులు అట్లే చేసియుండిరి, ఏమియు కాలేదు. సెప్టెంబరు 21న చేసినప్పుడు గుట్టలో కొంతభాగము ప్రేలినది. అయిదువందల మందికి పైగా మరణించిరి. వేలకొలది పరీక్షలలో నెగ్గిన పదార్థమది!

భారతదేశము ఈ విషయమున పుస్తకముకంటె కఠినముగా నడచుకొన్నది. 2011లో, బరువున 45 శాతమునకు మించి అమ్మోనియం నైట్రేటు గల పదార్థమును 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము క్రింద ప్రేలుడు పదార్థముగా ప్రకటించి, 2012లో ప్రత్యేక నియమములు చేసినది. ఒకే తెల్లని లవణము నారింజరంగు పుస్తకమున ఆక్సీకరణి, భారతీయ శాసనమున ప్రేలుడు పదార్థము. విద్యార్థికి ఇది తికమకగా తోచవచ్చును. రెండును అబద్ధములు కావు. ఒకటి సంచిని చూచి చెప్పినది, రెండవది గిడ్డంగిని చూచి చెప్పినది.

గిడ్డంగి అన్నప్పుడు పుస్తకపు రెండవ హద్దు కనబడును. దాని అధికారము ప్రయాణముతో ముగియును. 2013లో రోసస్ అను ఓడ 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటుతో లెబనాను దేశపు బేరూత్ రేవునకు వచ్చి చిక్కుకొనినది. 2014లో సరకును దించి రేవులోని గిడ్డంగిలో పెట్టిరి. ఓడపై ఉన్నంతవరకు దానికి తరగతి, లేబులు, ఏ సరకునకు ఎంత దూరమున నుంచవలెనో తెలుపు నియమములు, బాధ్యుడైన కెప్టెను ఉండిరి. దిగిన తరువాత మిగిలినవి సంచులు మాత్రమే. 2020 ఆగస్టు 4న ఆ గిడ్డంగికి నిప్పంటుకొని అది ప్రేలినప్పుడు 200 మందికి పైగా మరణించిరి; మంట నార్పుటకు వెళ్లిన దళములోని పదిమందియు వారిలో నుండిరి. ఆ వార్త విన్న పిమ్మటనే, చెన్నై దగ్గర 2015 నుండి కస్టమ్స్‌వారి స్వాధీనమున పడియున్న సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేటు అందరకు జ్ఞాపకము వచ్చి, కంటైనరులలో హైదరాబాదునకు తరలింపబడినది. మార్గమున దానికి మరల 5.1 పలక వచ్చినది. నిలిచియున్న అయిదేండ్లకంటె కదలిన కొద్ది దినములలోనే ఆ సరకు గూర్చి లోకము ఎక్కువ జాగ్రత్త పడినదనుట అతిశయోక్తి కాదు.

నిలువచేయుట తమ పని కాదని పుస్తకకర్తలు చెప్పవచ్చును. న్యాయమే. పరిమాణమునుబట్టి కర్మాగారములకు నియమములు విధించు శాసనములు వేరుగా నున్నవి; భారతదేశములో అట్టివి 1989లోనే వచ్చినవి. కాని మూడవ లోపమునకు ఈ సమాధానము చాలదు. అది కాలమునకు సంబంధించినది. దీనికి ఉదాహరణము ఆంధ్రదేశమున నున్నది.

స్టైరీను ప్లాస్టిక్ పరిశ్రమకు ముడిసరకు. పుస్తకమున దాని సంఖ్య 2055, పేరు ‘స్టైరీను మోనోమరు, స్థిరీకృతము’, తరగతి 3, ప్యాకింగు వర్గము మూడు. అనుబంధ అపాయపు గడి ఖాళీ. అనగా లేబులు చూచినవానికి స్టైరీనును కిరోసినును ఒకే బాపతు. మంట బొమ్మ, 3 అంకె, అంతే. కాని కిరోసిను తనలో తాను చర్య జరుపుకొనదు. స్టైరీను అణువులు ఒకదానితో నొకటి గొలుసుగా కలియుచునే యుండును. కలిసినప్పుడెల్ల మోలుకు సుమారు 70 కిలోజౌళ్ల వేడి పుట్టును. 104 గ్రాములకు ఇంత వేడి. అది బయటకు పోవుటకు దారిలేనిచో ద్రవపు ఉష్ణోగ్రతను 300 డిగ్రీలకు మించి పెంచగలదని తరగతి గదిలోనే లెక్కకట్టవచ్చును. స్టైరీను మరుగునది 145 డిగ్రీల వద్ద. వేడెక్కినకొలది చర్య వేగము హెచ్చును. వేగము హెచ్చినకొలది వేడి పెరుగును. దీనిని అడ్డుటకై టెర్షియరీ బ్యూటైల్ కాటికాల్ అను నిరోధకమును పదిలక్షల భాగములకు పది పదునైదు భాగముల చొప్పున కలుపుదురు. ఆ నిరోధకము పనిచేయుటకు ద్రవములో కొంత ప్రాణవాయువు కరగియుండవలెను. పనిచేయుచు అది ఖర్చగును. పేరులోని ‘స్థిరీకృతము’ అను మాటకు ఇంత అర్థమున్నది. ఆ స్థిరత్వమునకు గడువు ఉన్నది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నము దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురమున, కరోనా నిర్బంధము వలన కొన్ని వారములు మూతబడియున్న ప్లాస్టిక్ కర్మాగారములోని ట్యాంకునందు గడువు తీరినది. స్టైరీను మరిగి ఆవిరియై నిద్రలోనున్న ఊరిమీద పడినది. కనీసము పన్నెండుగురు మరణించిరి; వందలకొలది జనము ఆసుపత్రులలో చేరిరి. నిరోధకము కొరవడుటయు, ట్యాంకు అడుగుననే కాక పైపొరలలో వేడిమిని కొలువకపోవుటయు కారణములలో ముఖ్యమైనవిగా విచారణలో తేలినవి. ఆ ఊరివారిని చంపినది మంట కాదు. లేబులు చెప్పిన ఒకే ఒక కీడు మంట.

పుస్తకము ఈ సంగతిని ఎరుగదా? ఎరుగును. అదియే విచారకరము. పుస్తకములోని పదార్థముల పట్టికకు పదకొండు గడులు. ఆరవ గడిలో ప్రత్యేక నిబంధనల సంఖ్యలు మాత్రము వ్రాసియుండును. వాటి అర్థమునకు వేరొక అధ్యాయము తిరుగవేయవలెను. స్టైరీనునకు ఎదురుగా 386 అని కలదు. ఆ నిబంధనను వెదకి తీసినచో, సరకు పంపువాడు నిరోధకము చాలునంత ఉన్నదని చూచుకొనవలెననియు, మూటలలోనైనచో రాశి సగటు వేడిమి 50 డిగ్రీలైనను, మోసికొనిపోవు ట్యాంకులోనైనచో 45 డిగ్రీలైనను అపాయకరమైన చర్య జరుగరాదనియు, అనుకొన్న ప్రయాణకాలములో నిరోధకము చాలనిచో వేడిమిని అదుపులో నుంచవలెననియు తెలియును. కాలము, వేడిమి రెండును అందున్నవి! ఇంత ముఖ్యమైన మాట పంపువాని చెవిలో చెప్పి, లారీ ప్రక్కన నిలిచిన వానికి చెప్పకుండుట ఈ పుస్తకపు స్వభావము. ఇది సరకు పంపువానికై వ్రాసినది. లేబులు చదువవలసినవాడు అగ్నిమాపక భటుడు, డ్రైవరు, రేవు కూలీ, దారిన పోవు పల్లెటూరివాడు. వీరికి పట్టిక అందదు. రంగు, బొమ్మ, అంకె మాత్రమే అందును.

భోపాలు నందు 1984 డిసెంబరు 2, 3 తేదీల రాత్రి జరిగిన ఘోరమును ఈ దృష్టితో చూడవచ్చును. అదియు నిలువయున్న ట్యాంకే. మిథైల్ ఐసోసయనేటునకు నేటి పట్టికలో 6.1, అనుబంధము 3: విషము, మండునది. రెండును సత్యములు. కాని ఆ ట్యాంకును పొంగించినది నీరు. నీటితో కలిసి ఆ ద్రవము విపరీతమైన వేడి పుట్టించును. 4.3 విభాగము నీటితో కలిసి ‘మండెడి’ వాయువు నిచ్చు సోడియము, కాల్షియం కార్బైడు వంటివానికే పరిమితము; బొగ్గుపులుసు వాయువును, వేడిని పుట్టించునది అందు చేరదు. కనుక నీరు అను మాట లేబులుపై లేదు.

తొమ్మిదవ తరగతిని గూర్చి ఒక మాట చాలును. ఎచ్చటను ఇమడనివాని నెల్ల అందు వేసిరి. లిథియం బ్యాటరీలు మంచుగడ్డయైన బొగ్గుపులుసు వాయువుతో పాటు అక్కడనే ఉన్నవి. 2010 సెప్టెంబరు 3న దుబాయి దగ్గర అట్టి బ్యాటరీలు పెద్దసంఖ్యలో మోయుచున్న సరకు విమానము మంటలలో చిక్కి కూలి, అందలి ఇద్దరు చోదకులు మరణించిరి. తరువాత ఆ బ్యాటరీలకు బొమ్మతో కూడిన ప్రత్యేకమైన లేబులు వచ్చినది. తరగతి అంకె మాత్రము తొమ్మిదియే.

ఈ లోపములన్నియు దిద్దరానివని చెప్పుటకు వీలులేదు. ఈ పుస్తకముపైననే ఆధారపడిన ఐరోపా రహదారి ఒప్పందము, 1957లో జినీవాలో కుదిరినది, తన నారింజరంగు పలకపై రెండు సంఖ్యలు వ్రాయించును. క్రింది సంఖ్య ఐక్యరాజ్యసమితిది. పై సంఖ్య అపాయపు స్వరూపమును తెలుపును. అంకెను రెండుసార్లు వ్రాసినచో ఆ గుణము తీవ్రమని అర్థము; ముందు ఎక్స్ అను అక్షరమున్నచో నీరు తగులరాదని అర్థము. పెట్రోలు ట్యాంకరుపై పైన 33, క్రింద 1203. సోడియమునకు ముందు ఎక్స్‌తో 423. స్టైరీను ట్యాంకరుపై 39 అని ఉండును. 3 అనగా మండెడి ద్రవము; 9 అనగా తనంతట తాను ఉధృతమైన చర్యకు దిగగలదని హెచ్చరిక. నిబంధన 386 చెవిలో చెప్పిన మాటలో సగము ఇచ్చట అరచేతి వెడల్పు అంకెలలో బయటపడినది. అమ్మోనియం నైట్రేటునకు మాత్రము ఈ పలకయు పెద్దగా తోడ్పడదు. దానికి 50 అని మాత్రమే వ్రాయుదురు, రాశి ఎంతయో చెప్పరు.

భారతదేశపు ట్యాంకరులపై పై సంఖ్యకు బదులు బ్రిటనులో పుట్టిన మరొక సంకేతము కనబడును. పెట్రోలునకు అది 3వైఇ: నురుగుతో ఆర్పుము, ఊపిరికి పరికరము ధరింపుము, జనులను తరలించు విషయము ఆలోచింపుము అని దాని తాత్పర్యము. అగ్నిమాపక భటునకు ఏమి చేయవలెనో అది చెప్పును. ఎదుట నున్నది ఎట్టి ద్రవమో, ఊరక నిలిచియుండగనే మారగలదో లేదో చెప్పదు. ఆ రెండవ ప్రశ్నకు సమాధానముగా రెండంకెలు పలకపై చేర్చుటకు క్రొత్త పరిశోధన ఏదియు అక్కరలేదు. ఐరోపావారి పట్టికలో అవి ఇరువదవ గడిలో అచ్చుపడి యున్నవి.